గోడకు జ్వరం చూసే కెమెరా

మా నవీపేట్ పేరు చెప్పగానే నిజామాబాద్ జిల్లాలో ఎవరికైనా శనివారం మేకల సంతే గుర్తొస్తుంది. తెల్లారకముందే ఆటోలు, ట్రాలీలు, మేకల అరుపులు, బేరాలు. అట్లాంటి ఓ శనివారం, ఇంకా చీకటి ఉండగానే మా ఆయన నన్ను లేపి డాబా మీదికి తీసుకుపోయాడు. చేతిలో తుపాకీ లాంటి వస్తువు ఉంది. దాని వెనకున్న చిన్న స్క్రీన్‌లో చూడమన్నాడు. సంతకు పోతున్న మేకలన్నీ ఆ చీకట్లో దీపాలు పెట్టినట్టు పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. ముక్కు చివర్లు మాత్రం నల్లగా ఉన్నాయి. తోలుకుపోయే మనిషి నోట్లో బీడీ తెల్లటి చుక్కలా మెరిసింది.

"ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగున్నది. ఎంతకు తెచ్చిండ్రు?" అన్నాను.

దానికి జవాబు మధ్యాహ్నం అన్నం తిన్నాక గానీ రాలేదు. డెబ్బై రెండు వేలు. అందులో మా బాపు చేయించిన రెండు తులాల గొలుసు పోయింది. పోయింది అంటే బ్యాంకులో కుదువకు పోయింది. నన్ను అడిగే పెట్టాడు, అబద్ధమెందుకు. కానీ "పనిముట్లకు" అన్నాడు. నేను డ్రిల్లింగ్ మిషన్ అనుకున్నాను.

ఆ గొలుసు సంగతి కొంచెం చెప్పాలి. మా బాపు బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీలో పాన్ హౌస్‌లో చేసేవాడు. చెరుకు రసం చిక్కబడి గింజ కట్టే చోటు అది. అక్కడ మీటర్లు ఉంటాయి, అయినా మా బాపు కొంచెం పాకం తీసి రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసేవాడు. ఇంటికొచ్చినా ఆయన బట్టలకు బెల్లపు వాసనే. నా పెండ్లికి కూడబెట్టి ఆ గొలుసు చేయించాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో ఎన్ని ఇబ్బందులొచ్చినా "నీ గొలుసు ఇయ్యి బిడ్డా" అని ఒక్కసారి కూడా అడగలేదు. అట్లాంటి గొలుసు పోయి, మేకల్ని చీకట్లో చూసే మిషన్ ఇంటికొచ్చింది!

మా ఆయన షార్జాలో పదకొండేళ్లు బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో ఎలక్ట్రీషియన్. పెద్ద పెద్ద బిల్డింగుల్లో కరెంటు ప్యానెళ్లను ఏడాదికోసారి థర్మల్ కెమెరాతో చూసి, ఎక్కడ వేడెక్కుతుందో రాసుకునే పని చేశాడట. అక్కడ కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు తాళాలు తీసుకునే ముందు మనిషిని పెట్టి ఇల్లంతా చెక్ చేయించుకుంటారట. "మన దగ్గర యాభై లక్షలు పెట్టి ఇల్లు కొంటరు, ట్యాప్ తిప్పి నీళ్లొస్తే చాలనుకుంటరు. నిజామాబాద్‌లో ఈ పని చేసేటోడు లేడు" అన్నాడు. మా అత్తమ్మ మాత్రం ఒక్క మాటే అన్నది: "గోడకు జ్వరమొచ్చిందా అని పైసలిచ్చి ఎవడు చూపిచ్చుకుంటడు కొడకా?"

కెమెరాను ముందుగా అర్థం చేసుకున్నది నా వంటింట్లోనే. కరోనా టైంలో నుదుటి దగ్గర పెట్టి వేడి చూసిన మిషన్ గుర్తుందా? అది ఒక్క చోటి వేడిని అంకెలో చెప్పేది. ఇది వేలకొద్దీ చోట్ల వేడిని ఒక్కసారే కొలిచి బొమ్మ గీస్తుంది. ప్రతి వస్తువూ దాని వేడికి తగ్గట్టు కంటికి కనిపించని కిరణాలను వదులుతుందట. 1800లో హెర్షెల్ అనే ఆయన ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు పక్కన ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే అది ఇంకా ఎక్కువ వేడి చూపించిందని మా బిడ్డ తన పుస్తకం తెచ్చి చదివి చెప్పింది. పొయ్యి మీది పెనం తెల్లగా, ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు గిన్నె ఊదా రంగులో కనిపిస్తుంటే నాకూ సరదా వేసింది.

కానీ మసిలే నీళ్లున్న స్టీలు గంజును చూస్తే నలభై డిగ్రీలు కూడా చూపించలేదు. పైగా ఆ గంజు మీద నా ఆకారమే ఎర్రగా కనిపించింది. మెరిసే లోహం తన వేడిని సరిగా వదలదు, ఎదుటివాళ్ల వేడిని అద్దంలా తిప్పి కొడుతుంది. గంజుకు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఆ ముక్క మీద చూస్తే అప్పుడు సరైన అంకె వచ్చింది. "అంటే ఇది అబద్ధం గూడ చెప్తదన్నట్టు" అన్నాను. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట అప్పుడే ఇద్దరం గట్టిగా పట్టుకుని ఉంటే బాగుండేది.

మొదటి పెద్ద పని నిజామాబాద్‌లో ఒక ఉద్యోగస్తుల ఇల్లు. పడకగది గోడ మీద, బీరువా పైన, ఇంత పెద్ద నీలం మచ్చ కనిపించింది. నీలం అంటే చల్లన, చల్లన అంటే తడి, వెనకాల పైపు కారుతోందని చెప్పి వచ్చాడు. వాళ్లు మనిషిని పిలిచి గోడ పగలగొట్టించారు. లోపల ఎండిపోయిన ఇటుక తప్ప చెమట చుక్క లేదు. జరిగిందేమిటంటే, రాత్రంతా నడిచిన ఏసీ గాలి సరిగ్గా ఆ చోటికే కొట్టింది. గోడ అక్కడ చల్లబడింది, అంతే. కెమెరాకు కనిపించేది పైపైన ఉన్న వేడి మాత్రమే. గోడ లోపలికి అది చూడలేదు. ఆ చల్లదనం నీళ్ల వల్లా, గాలి వల్లా అన్నది మనిషే తేల్చాలి.

ఆ గోడకు ప్లాస్టరింగ్, పుట్టీ, రంగు మేమే వేయించాం. ఫీజు తిరిగిచ్చేశాం. మాట పాకిపోయింది. రెండు నెలలు ఒక్క ఫోన్ రాలేదు. బ్యాంకు వాళ్ల మెసేజ్ మాత్రం నెలనెలా తప్పకుండా వచ్చేది. మా ఆయన మళ్లీ గల్ఫ్ పోతానని పాస్‌పోర్టు బయటికి తీశాడు. పదకొండేళ్లు ఫోన్లో కాపురం చేసినదాన్ని, ఆ పాస్‌పోర్టు బల్ల మీద చూసేసరికి నా కడుపులో ఎట్లయిందో మీలో గల్ఫ్ భర్తలున్న వాళ్లకు చెప్పక్కర్లేదు.

మా బాపు పండక్కి వచ్చినప్పుడు సంగతంతా విని, "మిషన్ చెప్పింది సరే. చేత్తో ముట్టుకొని చూసిండా అల్లుడు?" అన్నాడు. ముట్టుకోలేదు. ఆ తరువాతే మాయిశ్చర్ మీటరు కొన్నాం. రెండు సూదులు గోడకు ఆనిస్తే తడి ఉందో లేదో చెప్పే చిన్న వస్తువు. కెమెరా మచ్చ చూపించాలి, మీటరు అవునన్నాలి, అప్పుడే "తడి" అన్న మాట నోటి నుంచి రావాలి. ఈ పద్ధతి అప్పటి నుంచి తప్పలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే మారింది. ఆయన వెంట నేను పోవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే పని నేర్చుకుందామని కాదు, మళ్లీ ఏం ముంచుకొస్తుందో అన్న భయంతో పోయాను. పోయాక తెలిసింది, పగలు ఇళ్లల్లో ఉండేది ఆడవాళ్లే. మగమనిషి ఒక్కడే మిషన్ పట్టుకొని వస్తే హాల్లో కూర్చోబెట్టి "ఆయనొచ్చినంక చూడుండ్రి" అంటారు. నేను వెంట ఉంటే వంటిల్లు, దేవుడర్ర, బాత్రూం అన్నీ తెరుస్తారు. బీరువా జరుపుతారు. ఆ ఇంటి జాతకమంతా చెప్తారు.

బోధన్‌లో ఒక పెద్దావిడ ఇల్లు చెప్తాను. కింద గదిలో గోడ మూల పుట్టీ పొక్కిపోయి రాలుతోంది. ఒక ప్లంబరు వచ్చి పైన బాత్రూం మొత్తం పగలగొట్టాలి, అరవై వేలు అవుతుందన్నాడట. మేం పోయిన రోజు గోడంతా ఒకే రంగు. కెమెరాలో ఏమీ లేదు. మీటరులోనూ అంతంతమాత్రమే. మా ఆయన మొహం చిన్నబోయింది. నేను ఆమె పక్కన మంచం మీద కూర్చొని, "పెద్దమ్మా, ఇది ఎప్పుడు ఎక్కువ తడుస్తది? వానాకాలమా?" అని అడిగాను.

"వానకు గాదు బిడ్డా. మా ఇంటికి చుట్టాలొస్తే గోడ ఏడుస్తది" అన్నది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. బిడ్డ, అల్లుడు, పిల్లలు సెలవులకు వస్తారు. వాళ్లు వచ్చిన రెండో రోజుకు గోడ తడుస్తుంది, పోయిన వారానికి ఆరుతుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కదు. అంటే పై బాత్రూం వాడేది చుట్టాలొచ్చినప్పుడే. మా ఆయన చటుక్కున లేచాడు. మంచినీళ్ల పైపు పగిలి ఉంటే అందులో ఎప్పుడూ నీళ్లు ఒత్తిడితో ఉంటాయి కాబట్టి రోజూ కారాలి. చుట్టాలొచ్చినప్పుడే తడుస్తోందంటే స్నానం నీళ్లు పోయే దారిలో ఎక్కడో దిగుతోంది.

పైకి పోయి, నీళ్లు పోయే నాని ట్రాప్‌ను తడిగుడ్డతో బిగించి, గీజర్ వేసి నాలుగు బకెట్ల వేడినీళ్లు బాత్రూం నేల మీద నిలబెట్టాడు. చల్లటి నీళ్లయితే గోడకూ నీళ్లకూ వేడిలో తేడా తక్కువ, కెమెరాకు చిక్కదు. వేడినీళ్లు కారితే దారి పొడవునా ఎర్రగా కనిపిస్తుంది. అరగంటైనా ఏమీ కనిపించలేదు. అప్పుడు గుడ్డ తీసి నీళ్లు వదిలేశాడు. పెద్దావిడ మాకు చాయ్ పెట్టించి, తాను బీడీలు చుట్టిన రోజుల సంగతులు, ఆకు కత్తిరించీ కత్తిరించీ వేలు వంకరపోయిన సంగతి చెప్తోంది. నేను మధ్యమధ్యలో కెమెరా ఎత్తి మూలను చూస్తున్నాను. కొంతసేపటికి స్లాబుకు, గోడకు కలిసే చోట దారమంత సన్నగా నారింజ రంగు గీత కనిపించింది. చూస్తుండగానే జానెడు దిగింది. మీటరు పెడితే సూది పైకి లేచింది.

నేల మీద నిలబెట్టినంత సేపు లేనిది, పైపులోకి వదలగానే వచ్చింది. అంటే తప్పు నేలలో లేదు, ట్రాప్‌కూ కింది పైపుకూ మధ్య అతుకులో ఉంది. బాత్రూం మొత్తం అక్కర్లేదు, ట్రాప్ చుట్టూ నాలుగు టైల్స్ తీసి అతుకు బాగు చేస్తే చాలని రాసిచ్చాం. అట్లనే చేశారు. వేసవి సెలవుల్లో మనుమలు వచ్చి పోయాక ఆమె ఫోన్ చేసి, "గోడ ఏడుస్తలేదు బిడ్డా" అన్నది. ఆమె ఆ మాట ఎంతమందితో చెప్పిందో గానీ, బోధన్ నుంచే ఆ ఏడాది పదిహేడు ఇళ్లు వచ్చాయి.

అప్పటి నుంచి ఇంట్లోకి పోగానే మిషన్ తియ్యం. ముందు నేను అడుగుతాను. ఎక్కడ వాసన వస్తుంది, ఏ స్విచ్ వేస్తే చిటపటమంటుంది, ఏ గదిలో బట్టలకు బూజు పడుతుంది. ఒకామె "పొద్దున పూట ఏదో కమురు వాసనొస్తది, మా ఆయన నీ భ్రమ అంటడు" అన్నది. పొద్దున ఏం నడుస్తుంది? గీజర్. దాన్ని మామూలు చిన్న ప్లగ్గులో పెట్టారు. పావుగంట గీజర్ నడిపించి, బోర్డు మూత తీసి చూస్తే ఒక్క స్క్రూ దగ్గర ఎనభై ఆరు డిగ్రీలు, పక్కవాటి దగ్గర నలభై లోపే. వైరు తోలు అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. రెండు వేల వాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్ల దాకా గుంజుతుంది. దానికి పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఉండాలి. మీ ఇంట్లోనూ ఓసారి చూసుకోండి. ఏమీ నడవనప్పుడు చూస్తే కెమెరాలో ఏమీ కనిపించదు, అన్నీ వేసి పావుగంటాగి చూడాలి. కెమెరా లేకపోయినా ఆ కమురు వాసనను మాత్రం భ్రమ అనుకోకండి.

ఎండాకాలం వేరే గిరాకీ మొదలైంది. పై గదుల్లో పడుకోలేకపోతున్నామని పిలిచేవాళ్లు. ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది గానీ మా దిక్కు చాలామందికి ఆ మాటే తెలియదు. మా డాబాకే సగం సున్నం కొట్టించి, సగం వదిలేసి మధ్యాహ్నం రెండు గంటలకు కింది నుంచి ఫొటో తీశాం. సీలింగ్ మధ్యలో గీత గీసినట్టు ఒక పక్క ఎరుపు, ఒక పక్క పసుపు. ఆ ఫొటో ఫోన్లో చూపిస్తే చాలు, ఇంకేం చెప్పనక్కర్లేదు.

పని పెరుగుతున్నప్పుడే నిజామాబాద్‌లో ఒక బిల్డరు పిలిచాడు. ఇరవై నాలుగు ఫ్లాట్లు, ఒక్కోదానికి మా రేటుకన్నా ఎక్కువే ఇస్తానన్నాడు. "రిపోర్ట్ కొంచెం మెత్తగ రాయండి, కొనేటోళ్లు ఊరికే భయపడ్తరు" అన్నాడు. ఆ డబ్బుతో గొలుసు ఇంటికొచ్చేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆయనకన్నా నాకే ఎక్కువ ఆశ పుట్టిందని ఒప్పుకుంటున్నాను. మెత్తగా అంటే అబద్ధమేం కాదు కదా, రెండు ఫొటోలు తగ్గించడమే కదా అని కూడా అనుకున్నాను. పొద్దున లేచి పొయ్యి దగ్గర నిలబడితే ఆ పడకగది గోడ గుర్తొచ్చింది. ఒక్క తప్పుకు రెండు నెలలు ఖాళీగా కూర్చున్నాం. అది తెలియక చేసింది. తెలిసి చేస్తే? ఒక కాపీ కొనేవాళ్లకు కూడా ఇస్తామంటేనే వస్తామని మా ఆయన ఫోన్లో చెప్పాడు. ఆయన మళ్లీ చేయలేదు.

రెరా చట్టం ప్రకారం, కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం ఇల్లు చేతికిచ్చిన రోజు నుంచి అయిదేళ్లలోపు బయటపడితే, కట్టినవాళ్లు ముప్పై రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. ఫ్లాటు కొన్న ఆడవాళ్లకు ఈ సంగతి నేనే చెప్తుంటాను. తేదీ వేసిన ఫొటోలు ఉంటే అడగడానికి నోరు లేస్తుంది.

బిల్డరుకు కాదనడం తేలికే అనిపించింది, మా పక్క ఊళ్లో ఇంటి తరువాత. ఆమె భర్త మస్కట్‌లో ఉంటాడు. రెండంతస్తుల కొత్త ఇల్లు, నెలలో గృహప్రవేశం. ఇల్లు కట్టించింది ఆమె మరిదే, సుతారి మేస్త్రి. అప్పుడే పుట్టీ రాలుతోందని మమ్మల్ని పిలిచింది. పొద్దుగూకాక డాబా ఎక్కి చూశాం. పగలంతా ఎండకు కాలిన స్లాబు సాయంత్రానికి చల్లబడుతుంటే, పిట్టగోడ పక్కన ఒక మూల మాత్రం వెచ్చగా మిగిలిపోయింది. నీళ్లు తాగిన చోటు వేడిని త్వరగా వదలదు. అదొకటి. రెండోది కెమెరా చూపించింది కాదు. మా ఆయన బోర్డులు విప్పితే ఎర్తింగ్ వైరు బోర్డు దాకా వచ్చింది గానీ ఎక్కడా కలపలేదు. మూడు బాత్రూముల్లో మూడు గీజర్లు.

ఆమె నన్ను పక్కకు తీసుకుపోయి, "అక్కా, నాకు నోటితోని చెప్పుండ్రి చాలు. కాగితం మీద రాయకుండ్రి. మా ఆయన చూస్తే అన్నదమ్ములు విడిపోతరు. మా అత్త నన్నే అంటది" అని చెయ్యి పట్టుకుంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. అట్లనే అవుతుంది. మా ఇల్లు కూడా మా చిన్నమామే కట్టాడు, మా అత్తమ్మ ముందు ఒక్క పగులు గురించి మాట్లాడితే ఏమవుతుందో నాకు తెలుసు.

"పిల్లలు ఏ బాత్రూంల తానం చేస్తరు చెల్లె?" అని అడిగాను. ఆమె మాట్లాడలేదు. కాసేపటికి "రాయుండ్రి" అన్నది.

ఎవరు చేశారన్నది ఎక్కడా రాయలేదు. ఏముందో రాశాం, ఫొటోలు పెట్టాం. రిపోర్ట్ మస్కట్ పోయింది. ఆ తరువాతి వారం ఆ ఇంట్లో ఏమేం మాటలు నడిచాయో ఊరంతా విన్నది. గృహప్రవేశం ఇరవై రోజులు వెనక్కి పోయింది. మరిదే వచ్చి వైర్లు కలిపించాడు, డాబా మూల సరిచేశాడు. ఫంక్షన్‌కు ఊళ్లో అందరికీ కార్డులు వచ్చాయి, మాకు రాలేదు. సంతలో ఎదురుపడితే ఆ మేస్త్రి మొహం తిప్పుకుంటాడు. మా ఆయన పట్టించుకోలేదు గానీ నాకు మాత్రం ముల్లు గుచ్చినట్టే ఉంది. ఆమె పిల్లల్ని తలుచుకుంటే రాసింది సరైందే అనిపిస్తుంది, ఆమె అత్తింట్లో పడే మాటలు తలుచుకుంటే ఆ సరైనదే గొంతుకు అడ్డం పడుతుంది.

గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. అప్పు మూడొంతుల్లో రెండొంతులు తీరింది. పాస్‌పోర్టు మళ్లీ బీరువాలోకి పోయింది. నెలకు పది, పన్నెండు ఇళ్లు చూస్తున్నాం. మా అత్తమ్మ ఇప్పుడు చుట్టాలకు "మా కోడలు గోడల డాక్టరు" అని చెప్పుకుంటోంది, కొడుకు పేరు ఎందుకు ఎత్తదో మరి!

మొన్న బుధవారం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి, గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆ మేస్త్రి భార్య. మస్కట్ వాళ్ల ఇంటావిడకు యారాలు.

"అక్కా, మా ఇల్లు గూడ జర చూడాలె. పిల్లలు పండుకునే అర్రల గోడ తడుస్తుంది. ఆయనకు జెప్తే ఏం గాదంటడు."

"ఎప్పుడు రమ్మంటవు?"

"శనివారం రాండ్రి. పొద్దుగాలనే సంతకు పోతడు, పన్నెండు దాక రాడు. మిషన్ బయట పట్టుకొని రాకుండ్రి అక్కా. సంచిల పెట్టుకొని, బొట్టు పెట్టి పిలువ వచ్చినట్టు రాండ్రి."

తొమ్మిదింటికి వస్తానని చెప్పాను. కెమెరా పట్టే సంచి ఏదని చూస్తే, పసుపు కుంకుమల బుట్ట పెట్టుకునే సంచే సరిగ్గా సరిపోయింది.